పేరు మార్చినా ఊరు గుర్తుపడుతుంది: గంజాం తీరంలో ఒక గుణాత్మక అధ్యయనం

ఈ కేసులో ఊరి పేరు రాయడం లేదు. ఒడిశాలోని గంజాం జిల్లా తీరం వెంబడి ఉన్న తెలుగు మత్స్యకార గ్రామాల్లో అది ఒకటి, అంతవరకే. మనుషుల వివరాల్లో కొన్ని మార్చాను. ఏవి మార్చానో చెబితే మార్చిన ప్రయోజనమే పోతుంది కాబట్టి అదీ చెప్పను. ఇంత జాగ్రత్త ఎందుకు అవసరమైందో, ప్రశ్నలు తయారుచేసే దశ నుంచి చివరి నివేదిక దాకా మా పనిని అది ఎలా మార్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊళ్లలో ఇంటర్వ్యూలు చేసే ఎన్‌జీవో కార్యకర్తలకు, ఎంఎస్‌డబ్ల్యూ, సోషియాలజీ విద్యార్థులకు పనికొస్తుందని నా నమ్మకం.

అసలు పని ఏమిటంటే

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత మారినా తీరం మీద వాడబలిజ, జాలరి కుటుంబాలు అక్కడే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. ఒడియా వాళ్లు వీళ్లని నోలియాలంటారు. మగవాళ్లు వేటకు వెళ్తే ఆడవాళ్లు గంపలెత్తుకుని ఛత్రపురం, గోపాలపురం, బరంపురం బజార్లకు వెళ్తారు. ఎండుచేప వ్యాపారం దాదాపు అంతా ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఈ తీరానికి రెండు నిషేధాలున్నాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 వరకు మర పడవల వేట మీద ఆంక్షలు. తూర్పు తీరమంతటికీ వర్తించే వేట విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. రెండూ కలిపి చూస్తే ఏడాదిలో సగానికి పైగా ఏదో ఒక ఆంక్ష ఉన్నట్టే. ఆ నెలల్లో మగవాళ్లు చెన్నై, కేరళ, గోవా వైపు ట్రాలర్ల మీద కూలికి పోతారు.

జీవనోపాధుల మీద పనిచేసే ఒక సంస్థ మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది: వేట లేని నెలల్లో ఇల్లు ఎలా గడుస్తోంది, అప్పు ఎవరిస్తున్నారు, ఏ షరతు మీద? అంతకుముందు వాళ్లు చేయించిన సర్వేలో అప్పుల గడి చాలాచోట్ల ఖాళీగానో, సున్నాగానో వచ్చింది. అప్పుల మీద బతికే తీరంలో అప్పు సున్నా అని వస్తే ఆ ఫారం అబద్ధం చెబుతోందని కాదు, ఆ ఫారానికి నిజం చెప్పడం జనానికి ఇష్టం లేదని అర్థం. అందుకే లోతైన ఇంటర్వ్యూలు, ఊళ్లో ఉండి పరిశీలించడం, చిన్న బృంద చర్చలు ఎంచుకున్నాం. అంకెలకు బదులు మాటల మీద, పరిశీలన మీద ఆధారపడే వీటినే గుణాత్మక పద్ధతులంటారు. పద్ధతి బాధ్యత నాది. ఫీల్డులో ఇద్దరు అమ్మాయిలు, ఒకరిది ఇచ్ఛాపురం వైపు, ఇంకొకరిది బరంపురం తెలుగు కుటుంబం. యాస తెలిసిన వాళ్లు ఉండాలని పట్టుబట్టి తీసుకున్నాను.

ఎంతమందిని ఇంటర్వ్యూ చేస్తారని సంస్థవాళ్లు మొదటి మీటింగులోనే అడిగారు. ఎప్పుడూ అడుగుతారు. గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు 2006లో ఘనా, నైజీరియాలలో ఆడవాళ్లతో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరగేసి, మొదటి పన్నెండులోనే కొత్త విషయాలు రావడం దాదాపు ఆగిపోయిందని చూపించారు. అప్పటినుంచి పన్నెండు అనే అంకె మంత్రంలా తిరుగుతోంది. వాళ్లు మాట్లాడిన సమూహం, అడిగిన ప్రశ్న ఒకే తరహావి. మా ఊళ్లో పడవ ఉన్న ఇల్లు వేరు, కూలి ఇల్లు వేరు, మొగుడు దూరాన ఉన్న ఇల్లు వేరు. అంకె ముందే చెప్పకుండా, ప్రతి రకం ఇంటినుంచి కొత్త మాట రావడం ఆగేదాకా వెళ్తామని రాసిచ్చాం.

భయం ఎవరి గురించి

నీతి నియమావళి పత్రాలన్నీ బయటివాళ్ల గురించి ఆలోచిస్తాయి. పేరు మార్చు, ఫోన్ నంబరు తీసెయ్యి, ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టు. ఢిల్లీలోనో భువనేశ్వర్‌లోనో కూర్చుని నివేదిక చదివేవాడు మనిషిని గుర్తుపట్టకూడదన్నది వాటి లక్ష్యం. కానీ ఢిల్లీవాడు గుర్తుపడితే ఈ ఊళ్లో ఆడమనిషికి వచ్చే నష్టమేమిటి? పెద్దగా ఏమీ లేదు. తోడికోడలు గుర్తుపడితే, ఊరి సావుకారి గుర్తుపడితే, కొచ్చిలో ఉన్న భర్తకు ఎవరైనా ఫోన్ చేసి చెబితే, ఆ నష్టం ఆ సాయంత్రమే మొదలవుతుంది.

న్యూజీలాండ్ సామాజిక శాస్త్రవేత్త మార్టిన్ టోలిక్ 2004లో ఈ తేడాను సూటిగా చెప్పాడు. బయటివాళ్ల నుంచి దాచడం ఒక రకం గోప్యత, ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య దాచడం ఇంకో రకం. రెండోదాన్ని అంతర్గత గోప్యత అన్నాడు. భార్యాభర్తలు, ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు, ఒకే ఊరివాళ్లు నివేదిక చదివి 'ఈ మాట అన్నది ఫలానా మనిషే' అనుకోవడం దీని పరిధి. మన తెలుగు ఊళ్లలో పరిశోధన చేసేవాళ్లు మొదట చదవాల్సిన విషయం ఇదే అంటాను. మన దగ్గర వరస తెలియని మనిషి ఊళ్లో ఉండడు. ఎవరింట్లో ఏం వండారో వీధి చివరిదాకా తెలుస్తుంది.

ఈ ఒక్క ఆలోచనను మొదటి రోజునుంచి బల్ల మీద పెట్టుకున్నాం. దాంతో ఎవరిని ఎలా కలవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏది రికార్డు చేయాలి, ఏది రాయాలి అన్నవన్నీ మారాయి.

మామూలుగా ఇలాంటి అధ్యయనంలో ఒకరు చెప్పిన మనిషి దగ్గరికి, ఆమె చెప్పిన ఇంకొకరి దగ్గరికి అలా గొలుసులా వెళ్తారు. ఆ పద్ధతిలో ఎవరు ఎవర్ని చూపించారో ఊరంతా లెక్కకట్టగలుగుతుంది. అప్పు ఉన్నవాళ్లని చూపించమంటే చూపించిన మనిషి మీద కోపాలొస్తాయి. అందుకని ఎండుచేపల కళ్లాల దగ్గర, బరంపురం బజారులో, అంగన్‌వాడీ దగ్గర, గుడి దగ్గర విడివిడిగా పరిచయాలు పెంచుకున్నాం. 'ఇంకెవర్ని కలవమంటావు?' అన్న ప్రశ్న మా ప్రశ్నావళిలో లేదు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో ధ్రువీకరించుకోవడం కూడా మానేశాం. 'మీ అత్తగారు ఇలా అన్నారు, నిజమేనా?' అనడమంటే ఇల్లు రెండు చేయడమే. పోల్చి చూడటమంతా రాత్రి బరంపురం గదిలో, నోట్స్ ముందేసుకుని జరిగేది.

సమ్మతి

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఆరోగ్య పరిశోధన కోసం రాసినవి. అయినా చదువురాని వాళ్ల సమ్మతి ఎలా తీసుకోవాలో వాటిలో ఉన్నంత స్పష్టంగా మనకు వేరేచోట దొరకదు కాబట్టి వాటినే కొలతగా పెట్టుకున్నాం. చదవలేని మనిషి వేలిముద్ర వేసేటప్పుడు పక్షపాతం లేని, చదువువచ్చిన సాక్షి ఉండాలని అవి చెబుతాయి. నియమం మంచిదే. ఊళ్లో ఆచరిస్తే ఏమవుతుందో చూడండి. చదువువచ్చిన సాక్షి అంటే మహిళా సంఘం లీడరు, లేదా ఆమె మరిది, లేదా సావుకారి దగ్గర లెక్కలు రాసే కుర్రాడు. రక్షణ కోసం పెట్టిన మనిషే రహస్యం బయటికి వెళ్లే దారి అవుతాడు. ఊరితో సంబంధంలేని ఒక రిటైర్డ్ టీచరమ్మను బరంపురం నుంచి తీసుకువచ్చాం. ఆవిడ సమ్మతి వరకు కూర్చుని, ప్రశ్నలు మొదలవగానే లేచి వెళ్లిపోయేది. ఈ ఏర్పాటును ఎథిక్స్ కమిటీకి ముందే చెప్పి ఒప్పించాం.

కాగితం ఏ లిపిలో ఉండాలన్నది ఇంకో సంగతి. తెలుగువాళ్లు కదా అని తెలుగులో అచ్చేస్తే చదివేవాళ్లు లేరు. పెద్దవాళ్లకు చదువు లేదు, పిల్లలు చదివింది ఒడియా. నోటితో తెలుగులో వివరించి, చేతికి ఒడియా కాగితం ఇచ్చాం. ఇంట్లో పదో తరగతి చదివే కూతురు అమ్మకి ఒడియాలో చదివి తెలుగులో చెప్పేది. దీనికీ ఒక ఇబ్బంది ఉంది, కూతురికి ముందే విషయం తెలిసిపోతుంది. అందుకే కాగితంలో 'అప్పు' అని ఎక్కడా రాయలేదు. 'వేట లేని రోజుల్లో ఇల్లు గడపడం గురించి' అని మాత్రమే రాసి, అప్పుల సంగతి కూడా అడుగుతామని నోటితో, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాం. సమ్మతి అడిగేది ఆ మాట చెప్పాకే.

మా గోప్యతకు ఉన్న హద్దులు కూడా అప్పుడే చెప్పాం. చిన్నపిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం ఎవరైనా సరే ఫిర్యాదు చేయాల్సిందే, మేమూ అతీతులం కాదు. నిషేధ కాలంలో ఎవరి పడవ బయటికి వెళ్లిందో మాకు చెప్పొద్దని కూడా ముందే కోరాం. ఎవరైనా మాట వరసలో ఆ వైపు వెళ్తే మా అమ్మాయిలు ఆపేవాళ్లు. 'అప్పా, ఆ పేరు నాకొద్దు, నీ ఇంటి సంగతి చెప్పు' అనే వాక్యాన్ని (అప్ప అంటే ఇక్కడ అక్క) వాళ్లు బాగా సాధన చేశారు. డేటా పోగొట్టుకుంటున్నామని కొందరు పరిశోధకులు అంటారు. కాపాడలేని డేటా తీసుకోకపోవడమే మేలని నా పక్కా అభిప్రాయం.

ఒక విషయం మాత్రం మేం అనుకున్నదానికి సరిగ్గా ఎదురుగా ఉండేది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఊళ్లోకి పుస్తకం, పెన్ను పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒక లిస్టు రాసినవాడే. లిస్టులో పేరుంటే సాయం, లేకపోతే లేదు. కాబట్టి 'మీ పేరు రాయం' అని మేము భరోసాగా చెబుతుంటే వాళ్లకు అది బెదిరింపులా వినిపించేది. 'పేరు రాయకపోతే మరి మీరొచ్చి ఏటి లాభం?' అని ఒకావిడ ముఖం మీదే అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఈ పని వల్ల ఇంటికి డబ్బు, ఇల్లు, వల ఏదీ రాదని, ఇది లిస్టు కాదని చెప్పడానికి మొదటి వారాలు పట్టాయి. ఆ మాట చెప్పగానే లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అది తెలిసి తీసుకున్న నిర్ణయం కాబట్టి వాళ్ల వెంటపడలేదు.

ఎక్కడ కూర్చోవాలి

ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. లోపల తలుపేసి మాట్లాడితే 'తలుపెందుకేసింది?' అని వీధంతా మాట్లాడుకుంటుంది. అరుగు మీద కూర్చుంటే పక్కింటివాళ్లూ వచ్చి కూర్చుంటారు. పుస్తకాలు చెప్పే 'ప్రశాంతమైన ఏకాంత స్థలం' ఆ ఊళ్లో లేదు.

దారి చూపించింది ఆ ఆడవాళ్లే. ఇసుకలో నెత్తళ్లు, కవ్వళ్లు ఆరబెట్టే చోట, అలలకు దగ్గరగా, చేపలు తిరగేస్తూ మాట్లాడటం వాళ్లకు సుఖంగా ఉండేది. అందరికీ కనబడతారు కాబట్టి అనుమానం రాదు. అలల హోరులో నాలుగడుగుల అవతల ఏమీ వినబడదు. మా అమ్మాయిలు కూడా వంగి చేపలు తిరగేస్తూ అడిగేవాళ్లు. ఆ హోరులో రికార్డింగు పనికిరాదు. ఒకటి రెండుసార్లు ప్రయత్నించాక ఫోన్లు సంచిలో పెట్టేసి, మాట్లాడి రాగానే బస్సులోనే గుర్తున్నంతా రాసుకోవడం మొదలుపెట్టారు. యథాతథ వాక్యాలు తగ్గాయి, నిజాలు పెరిగాయి. మాట యథాతథంగా రాసుకున్నదేదో, గుర్తు మీద రాసినదేదో నోట్సులో వేరువేరు గుర్తులతో పెట్టుకున్నాం, నివేదికలో కొటేషన్ గుర్తుల మధ్య మొదటి రకమే వాడాం.

బృంద చర్చల్లో అప్పు సంగతి ఎత్తనే లేదు. గదిలో ఎనిమిది మంది ఉంటే మనం ఇచ్చే గోప్యతా హామీ మిగతా ఏడుగురి నోటి మీద ఆధారపడి ఉంటుంది. చర్చల్లో అందరికీ తెలిసిన విషయాలే తీసుకున్నాం. ఏ నెలలో ఏ చేప, ఏ నెలలో చేతిలో డబ్బుండదు, ఈ తీరాన అప్పు ఎన్ని రకాలు. నేల మీద ముగ్గు గీసి పన్నెండు గళ్లు చేసి, చింతగింజలు పోసి నెలల లెక్క వేశారు. రాబర్ట్ ఛాంబర్స్ వల్ల ప్రచారంలోకి వచ్చిన గ్రామీణ భాగస్వామ్య పద్ధతుల్లో ఇది మామూలే. ఆ గళ్లలో ఫిబ్రవరి, మార్చి దగ్గర గింజలు లేకపోవడం చూసి, తర్వాత ఒంటరి ఇంటర్వ్యూల్లో 'ఫిబ్రవరిలో మీ ఇంట్లో ఎలా?' అని అడగడం సులువయింది.

ఒక పేరా దగ్గర ఆగిన చోటు

ముసాయిదా సిద్ధమైంది. ఇప్పుడు చూపించబోయే పేరా అసలుది కాదు. అదే అచ్చులో నేను కల్పించినది, తర్వాత వచ్చే సంభాషణలోని వివరాలూ దీనికి తగ్గట్టు మార్చినవే.

"ఆర్-7 వయసు ముప్పై ఎనిమిది. భర్త మూడేళ్లుగా కొచ్చిలో ట్రాలర్ మీద పనిచేస్తున్నాడు. పెద్దకూతురు బరంపురంలో నర్సింగ్ చదువుతోంది. మంగళవారం గ్రూపు లోను కిస్తీ కట్టడానికి చేపల సావుకారి దగ్గర భర్తకు తెలియకుండా డబ్బు తీసుకుంది. 'ఆడికి తెలిసిందంటే నన్ను ఇంట్లో ఉండనిస్తాడేటి?' అని అడిగింది."

పద్ధతి ప్రకారం ఈ పేరాలో లోపం లేదు. పేరు లేదు, ఊరు లేదు, కోడు ఉంది. మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో ప్రచారంలోకి తెచ్చిన దట్టమైన వర్ణన (సందర్భంతో సహా వివరంగా రాయడం) అనే ఆదర్శం కోరేది ఇలాంటి వివరాలనే. లింకన్, గూబా అనే పరిశోధకులు 1985లో గుణాత్మక పరిశోధన నమ్మదగినదో కాదో చూసే నాలుగు ప్రమాణాలు పెట్టినప్పుడు, ఒకచోట తేలింది ఇంకోచోటికి వర్తిస్తుందా అని పాఠకుడు నిర్ణయించుకోవాలంటే తగినంత వర్ణన ఇవ్వాలన్నారు. వివరం ఎంత ఉంటే పరిశోధనకు అంత బలం, మనిషికి అంత ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఒత్తిడి ఏ పాఠ్యపుస్తకమూ పూర్తిగా తీర్చలేదు. రాసే బల్ల దగ్గర ప్రతి వాక్యంలోనూ తీర్చుకోవాల్సిందే.

ముసాయిదాను ఎవరి భాగం వాళ్లకు చదివి వినిపించాలన్నది మా ప్రణాళికలో మొదటినుంచీ ఉంది. మామూలుగా దీన్ని 'నేను రాసింది సరిగ్గా ఉందా?' అని సరిచూసుకోవడానికి చేస్తారు. మేము ఇంకో ప్రశ్న కలిపాం: 'ఇందులో నిన్ను పట్టించేది ఏదైనా ఉందా?' సమాజ శాస్త్రవేత్త కేరెన్ కైజర్ 2009లో ఇలాంటిదే సూచించింది. ఏం చెబుతామో తెలియని ఇంటర్వ్యూ ముందు మాత్రమే కాకుండా, చెప్పేశాక కూడా గోప్యత గురించి మళ్లీ మాట్లాడి, ఏది ఎలా వాడాలో అప్పుడు అడగాలని.

ఒకావిడకు ఆమె భాగం మా ఇచ్ఛాపురం అమ్మాయి చదివి వినిపించింది. ఆవిడ వల బాగుచేస్తూ వింటోంది. మొదట అడిగింది తప్పొప్పుల గురించి కాదు.

"ఇది ఎవులు సదువుతారు పాపా?"

"ఆఫీసువాళ్లు అప్పా. ఊళ్లోకి కూడా రావొచ్చు."

కాసేపు దారం ముడివేసుకుంది. "నర్సు అని తీసీయి. ఈ ఊళ్లో నర్సు సదివే గుంట ఎంతమందున్నారేటి? మంగళారం కూడా తీసీయి."

మంగళవారం సంగతి మాకెవరికీ తట్టలేదు. మైక్రోఫైనాన్స్ కంపెనీల సెంటర్ మీటింగులు ఒక్కో గ్రూపుకు ఒక్కో రోజు. ఊళ్లో మంగళవారం కిస్తీ అంటే ఏ గ్రూపో, ఆ గ్రూపులో ఎవరున్నారో అందరికీ తెలుసు. వయసు గురించి ఆవిడ పట్టించుకోనే లేదు, అది అసలు ఆనవాలే కాదంది. మేము జాగ్రత్తగా కోడు చేసిన వయసు, కులం ఊరివాళ్లకు అక్కర్లేనివి. మేము రంగు కోసం ఉంచిన చిన్న వివరాలే వాళ్లకు ముఖం చూపిస్తాయి. కొటేషన్ తీసేద్దామా అంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఆ మాట ఉంచు. నానొక్కదాన్నే అనుకున్నానేటి, అందరం అనీ మాటే అది."

ఆ సాయంత్రంనుంచి మా ముసాయిదాను చదివే తీరు మారింది. ప్రతి పేరాను తోడికోడలి కళ్లతో చదవడం మొదలుపెట్టాం. బయటివాడికి రంగులా కనబడేది, ఊరివాడికి ఆనవాలు. ఎవరు చూస్తే ఏది ఆనవాలో ఊరివాళ్లే చెప్పగలరు, అది ఆఫీసులో కూర్చుని ఊహించే పని కాదు.

నివేదిక ఎలా తిరగరాశాం

మొదటి మార్పు కోడ్లు తీసేయడం. ఆర్-7 అనే గుర్తు నివేదిక అంతటా ఒకే మనిషికి పెడితే, ఒక పేజీలో భర్త కొచ్చిలో అని, ఇంకో పేజీలో కూతురు చదువు అని, మూడో పేజీలో సావుకారి అప్పు అని ముక్కలు కూడబలుక్కుని ఎవరైనా మనిషిని తయారుచేయగలరు. విడివిడిగా ఏ ముక్కా ప్రమాదం కాదు, దారం కడితేనే ప్రమాదం. ఆ దారం మేమే ఇస్తున్నాం. అందుకని కొటేషన్ల పక్కన 'చేపలమ్మే మహిళ', 'పడవలో వాటా ఉన్న ఇల్లు' అంతవరకే రాశాం.

దీనికి ఒక చిక్కుంది. గుణాత్మక అధ్యయనాల నివేదికల కోసం 2007లో వచ్చిన కోరెక్ 32 అంశాల చెక్‌లిస్టు ప్రతి కొటేషన్‌కూ పాల్గొన్నవారి సంఖ్య లాంటి గుర్తింపు ఇచ్చారా అని అడుగుతుంది. రాసినవాడు ఒకే ఇంటర్వ్యూను పదేపదే వాడుకోలేదని పాఠకుడికి తెలియడం కోసం అది. సమంజసమైన కోరికే. ఆ అంశం దగ్గర మేం పాటించలేదని, ఎందుకు పాటించలేదో పద్ధతుల అధ్యాయంలో రాశాం. దాని బదులు, ఏ అధ్యాయంలో ఎన్ని వేరువేరు గొంతులు వినిపిస్తున్నాయో మొత్తంగా చెప్పాం. చెక్‌లిస్టులు మనకు గుర్తుచేయడానికి ఉన్నాయి, మన బదులు నిర్ణయించడానికి కాదు.

పాల్గొన్నవారి పట్టిక కూడా అడ్డంగా చదివితే మనిషి దొరికే పట్టికే. ఒక్కో వరుసలో వయసు, పడవ, భర్త ఉన్న ఊరు, పిల్లల సంఖ్య ఉంటే వరుసకు ఒక ముఖం. వరుసలు తీసేసి నిలువు మొత్తాలే ఉంచాం.

వివరాలు మార్చేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. విశ్లేషణలో కారణంగా నిలిచే వివరాన్ని మార్చకూడదు. కూతురి చదువు ఖర్చు అప్పుకు కారణమైతే 'కూతురి పైచదువు' అని ఉంచొచ్చు, నర్సింగ్ అన్నది అక్కర్లేదు. భర్త దూరంగా ఉండటం ముఖ్యమైతే కొచ్చి అక్కర్లేదు. కానీ సావుకారి అప్పును గ్రూపు అప్పుగా మార్చితే అది అబద్ధం, ఎందుకంటే మా ప్రధాన ఫలితం ఆ తేడా మీదే నిలబడింది. సావుకారి వడ్డీ తక్కువ అడగొచ్చు, అసలు అడగకపోవచ్చు. చేప మాత్రం అతనికే పోయాలి, అతను చెప్పిన రేటుకే పోయాలి. అప్పు ఖరీదు వడ్డీ గడిలో కనబడదు, చేపల ధరలో ఉంటుంది. సర్వే పట్టుకోలేనిది ఇదే. గ్రూపు కిస్తీ వారం వారం వస్తుంది, చేప రాదు. కిస్తీ ఎగ్గొడితే గ్రూపులో మిగతావాళ్ల ముందు తల వంచుకోవాలి, అందుకని సావుకారి దగ్గరికి. ఒక అప్పు ఇంకో అప్పును పుట్టిస్తుంది. ఏ వివరం మార్చామో, ఎందుకో ఒక చిట్టాలో రాసుకున్నాం. అది నివేదికతో వెళ్లదు, మా దగ్గరే ఉంటుంది. పని తీరును ఎవరైనా స్వతంత్రంగా పరిశీలించాలంటే ఆ చిట్టాయే ఆధారం.

కొందరి కథలు కలిపి ఒక మనిషిగా రాయడం కూడా ఆలోచించాం. ఒకేఒక్క చోట వాడాం, అక్కడ కలిపి రాసిందని స్పష్టంగా చెప్పాం. ఎక్కువ వాడితే లేని మనిషి పుట్టుకొస్తుంది, ఆ మనిషి అందరికంటే చక్కగా మన సిద్ధాంతాన్నే చెబుతుంది. అది నాకు భయం.

అన్నిటికంటే కష్టపెట్టింది అప్పు లేని ఇల్లు. మిగతా అందరికీ భిన్నంగా ఉన్న కేసును వెతికి పట్టుకోవాలని విశ్లేషణలో మొదటినుంచీ చెబుతారు. మన వివరణ ఎక్కడ ఆగుతుందో చూపించేది అదే. కానీ ఊళ్లో ఏకైక ఇల్లు అంటే ఊరంతా ఎరిగిన ఇల్లు. ఆ ఇంటిని వదిలేస్తే విశ్లేషణ కుంటిది. రాస్తే ఆ ఇంటి మీద ఊరి చూపు పడుతుంది, సావుకారి చూపు కూడా. చివరికి ఇంటిని రాయలేదు, ఆ ఇంట్లో ఉన్న షరతులను రాశాం: ఆడమనిషి పేరున ఎండుచేప పెట్టుబడి ఉండటం, బజారులో సొంత కూర్చునే చోటు ఉండటం, పచ్చిచేప కొనడానికి రొక్కం చేతిలో ఉండటం. ఈ మూడూ ఉన్నచోట సావుకారి అవసరం పడదని చెప్పడానికి ఇల్లు చూపించనక్కర్లేదు.

నివేదికంతా తిరగరాశాక నాకు స్పష్టమైనది ఇది. దట్టమైన వర్ణనను వదులుకోలేదు, దాని చోటు మార్చాం. మనిషి గురించి పల్చగా, పరిస్థితి గురించి చిక్కగా రాశాం. సావుకారి దగ్గర డబ్బు అడగడానికి ఏ వేళకు వెళ్తారు, ఎవర్ని వెంట తీసుకెళ్తారు, చేప తూచేటప్పుడు రేటు ఎవరు పలుకుతారు, కిస్తీ రోజు ఉదయం వీధిలో ఏం జరుగుతుంది, ఇవన్నీ పేజీలకొద్దీ ఉన్నాయి. వాటిని చదివి ఇంకో తీరంలో పనిచేసేవాళ్లు తమ ఊరితో పోల్చుకోగలరు. ఎవరి ముఖమూ కనబడదు.

కొంత డేటా నివేదికలోకి రాలేదు. నిషేధపు రోజుల్లో జరిగే కొన్ని సంగతులు, ఎంత ఆపినా మా చెవిన పడ్డవి, 1982 నాటి ఒడిశా సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం కింద ఎవరినైనా ఇరికించగలిగేవి. వాటిని రాయలేదు, కొంత సమాచారం భద్రత దృష్ట్యా వదిలేశామన్న సంగతి రాశాం. వదిలేయడం ఒక తప్పు, వదిలేశానని చెప్పకపోవడం ఇంకో తప్పు. రెండోది మన చేతిలో ఉంది.

డబ్బిచ్చినవాళ్లతో

సంస్థవాళ్లు ట్రాన్‌స్క్రిప్టులు (ఇంటర్వ్యూల పూర్తి రాతప్రతులు), ఊరి పేరు అడిగారు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, డబ్బిచ్చిన పనికి ఆధారాలు అడగడం సహజం. ఒప్పందంలో ముందే ఒక క్లాజు రాయించుకున్నాం కాబట్టి మాట పెరగలేదు. థీమ్ వారీగా కత్తిరించిన భాగాలు, ఏ మాటను ఏ అంశం కింద చేర్చామో చెప్పే కోడింగ్ పుస్తకం ఇచ్చాం. ముడి నోట్సు ఇవ్వలేదు. ఇలాంటి పనికి దిగేవాళ్లు డబ్బు మాట్లాడేటప్పుడే ఈ మాట కూడా మాట్లాడుకోవాలి. నివేదిక ఇచ్చాక మాట్లాడితే గొడవే.

ఊరి పేరు కూడా ఇవ్వలేదు. అప్పు ముడిపెట్టి చేప కొనే పద్ధతి ఫలానా ఊళ్లో ఉందని అచ్చులో వస్తే, సావుకార్లు ఊరికి అప్పు ఆపేస్తే, ఫిబ్రవరిలో బియ్యం ఎవరిస్తారు? మనకు అన్యాయంగా కనిపించే ఆ అప్పు వాళ్లకు ఇంకా ప్రత్యామ్నాయం లేని అప్పు. నివేదికలో 'గంజాం తీరం' అనే ఉంటుంది.

మా ఫోన్లలో ఉన్న రికార్డింగులు క్లౌడ్‌లోకి వాటంతటవే వెళ్లిపోకుండా మొదటి రోజే ఆ సెట్టింగు ఆపాం. పేర్లు, కోడ్లు కలిపే జాబితా కాగితం మీద ఒక్కటే, తాళం వేసిన అల్మరాలో. నివేదిక ఆమోదం పొందాక జాబితా చించేశాం, ఆడియో తుడిచేశాం. ఎథిక్స్ కమిటీకి అదే రాసిచ్చాం.

పేరు కావాలన్న మనిషి

చివరిదాకా నన్ను వదలని సంగతి ఇది. ఎండుచేప వ్యాపారం చేసే ఒక పెద్దావిడ చదివి వినిపిస్తుంటే ఆపి, తన పేరు రాయమని గట్టిగా అడిగింది. "నాను దొంగతనం సేసినానేటి? నా కట్టం నాను సెప్పినాను. నా పేరు రాయండి." ఆ మాటలో న్యాయం ఉంది. గోప్యత ఆమె హక్కు, దాన్ని వదులుకోవడమూ ఆమె హక్కే. ఆమె జ్ఞానాన్ని పేరు లేకుండా వాడుకుని మా పేర్లు అట్టమీద వేసుకోవడంలో అన్యాయం ఉంది. తుపాను లిస్టుల్లో పేరు కోసం నిలబడిన ఊళ్లో, పేరు లేకపోవడం అంటే లెక్కలో లేకపోవడమే.

కానీ ఆమె పేరు పడితే ఊరు పేరు పడినట్టే. ఊరు తెలిస్తే పక్క పేజీలోని మాట ఎవరిదో తేలిపోతుంది. ఆమె మరదలూ మాకు ఇంటర్వ్యూ ఇచ్చింది, ఆ సంగతి ఈవిడకు తెలియదు, మేం చెప్పకూడదు. కాబట్టి నిజమైన కారణం కూడా పూర్తిగా చెప్పలేకపోయాం. 'నీ పేరు రాస్తే ఇంకొంతమంది ఇబ్బందిపడతారమ్మా' అన్నంతవరకే చెప్పాం. ఆవిడకు నచ్చలేదు.

నివేదికలో పేరు వేయకుండా ఇంకో దారి వెతికాం. ఫలితాల మీద బరంపురంలో సంస్థవాళ్లు, మత్స్యశాఖ అధికారులు, బ్యాంకువాళ్లతో సమావేశం పెట్టినప్పుడు, మహిళా చేపల వ్యాపారులుగా తీరంలోని చాలా ఊళ్లనుంచి ఆడవాళ్లని పిలిచాం. ఈ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లుగా కాకుండా, ఆ వ్యాపారం తెలిసినవాళ్లుగా. ఆవిడ వచ్చింది. లేచి తన పేరు, ఇంటిపేరు చెప్పి, ఎండుచేపకు రొక్కం ఎందుకు కావాలో, బజారులో కూర్చునే చోటుకు పంచాయితీవాళ్లు రసీదు ఎందుకు ఇవ్వాలో తెలుగులో మాట్లాడింది. ఒక కుర్రాడు ఒడియాలోకి చెప్పాడు. మినిట్స్‌లో ఆవిడ పేరు ఉంది, ఆవిడ చెప్పిన రెండు డిమాండ్లూ ఉన్నాయి. మా నివేదికతో దానికి ఏ లంకె లేదు. బజారు రసీదుల సంగతి మీద సంస్థ ఇప్పుడు విడిగా పనిచేస్తోంది, ఆవిడ ఆ కమిటీలో ఉంది.